ఎవరి గడప మన్ను

పొద్దున లేవగానే రత్నమణి చేసే మొదటి పని ఇంట్లో పడిన మన్ను ఎత్తడం. పొయ్యి ముట్టించడం, కోళ్ళను వదలడం ఆ తర్వాతే. దుప్పట్లను నాలుగు చెంగులూ పట్టి వాకిట్లోకి తెచ్చి దులుపుతుంది. బియ్యం డబ్బా మూత తుడుస్తుంది. గోడ మీది ఏసుప్రభువు పటం చట్రం నుంచీ, మొగుడు బాలస్వామి రైలు పట్టాల పనికి తొడుక్కుపోయే బూట్లలోంచీ మన్ను కొట్టి, అంతా చీపురుతో ఒక దగ్గరికి చేర్చి, తట్టకెత్తి పెరట్లో పోస్తుంది. పెరట్లో కుప్ప ఇప్పటికే గోడ దాటి వీధిలోకి తొంగిచూస్తోంది.

గోడకవతలి ఈరక్క పళ్ళు తోముకుంటూ రోజూ అడిగే మాటే అడుగుతుంది.

"ఈ పొద్దు ఎంత పడింది రత్నమ్మా?"

"నాలుగు తట్టలు."

"వాన ఈ మాత్రం పడింటే శెనక్కాయ చేతికొచ్చుండు గదమ్మే."

డోన్ పక్కనుండే చినకొట్టాలలో మన్ను పడటం కొత్త సంగతి కాదు. ఆ ఊళ్ళో ఎవరైనా కడుపుమంటతో పిడికెడు దుమ్మెత్తి పోసి తిడితే, ఆ దుమ్ము పోసినచోట పడదు. తిట్టించుకున్నవాళ్ళ ఇంట్లో పడుతుంది. నడింట్లో పడుతుంది, మంచం మీద పడుతుంది, ఒక్కోసారి కంచంలో పడుతుంది. దానికో పద్ధతి ఉంది. దీపం పెట్టే వేళకు ముందే ఆ మన్నును చాటకెత్తుకుని, తిట్టినామె గడప దగ్గరికి పోయి, "నీ మన్ను నీకేనక్కా" అని పోయాలి. ఆమె దాన్ని రెండు దోసిళ్ళా ఎత్తి తన పెరటి చెట్టు మొదట్లో వేసుకోవాలి. ఆ కాసేపూ ఇద్దరూ మొహాలు చూసుకోక తప్పదు. అంతటితో తిట్టు తీరిపోయినట్టే. మర్నాడు ఇద్దరూ ఒకే బోరింగు కింద బిందెలు పెడతారు.

రత్నమణి కూతురు క్రిస్టినాకు అవ్వ అయిన జ్ఞానమణి వయసులో ఉన్నప్పుడు ఊరికంతటికీ పేరుమోసిన తిట్టుగత్తె. ఆమె నోరు తెరిస్తే ఎదుటివాళ్ళు మన్ను ఎత్తడానికి కూలీలను పెట్టుకోవలసి వచ్చేదని ఊళ్ళో ఇప్పటికీ నవ్వుకుంటారు. కానీ సాయంత్రం చాట పట్టుకుని ఎవరొచ్చినా ఆమె గడపలోనే కూర్చుని ఉండేది. ఒక్కనాడూ తలుపు వేసుకోలేదు. "తిట్టేదానికి నోరుంటే సాలదు పాపా. తిట్టినాంక గడపలో కూసునే దమ్ముండాల" అనేది.

ఇప్పుడు పడుతున్న మన్నుకే గడప తెలియడం లేదు.

ఇదంతా ఒక కప్పుతో మొదలైంది. క్రిస్టినా కర్నూల్లో డిగ్రీ ఆఖరి సంవత్సరం. పొద్దున ప్యాసింజరుకు పోయి సాయంత్రం ప్యాసింజరుకు వస్తుంది. డిగ్రీ అయ్యాక లా ప్రవేశపరీక్ష రాయాలని ఆశ. 2008 నవంబరులో జిల్లా కాలేజీల వక్తృత్వపోటీ జరిగింది. మాటకు శిక్ష ఉండాలా వద్దా అన్నది అంశం. చీటీ తీస్తే ఆమెకు 'వద్దు' వచ్చింది. చీటీలో ఏదొస్తే దాని తరఫున ప్రాణం పెట్టి వాదించడమే ఆ ఆట. "మాట గాలి. గాలిని జైల్లో పెట్టే ప్రభుత్వం రేపు మన ఊపిరిని కూడా పెడుతుంది" అని వేలెత్తి అనేసరికి హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. 'ఉండాలి' అన్న వైపు డోన్ బట్టలంగడి వీరభద్రయ్య కొడుకు అజయ్ నిలబడ్డాడు. మధ్యలో మాట తడబడి, నీళ్ళు తాగి, కూర్చుండిపోయాడు.

ఆమె గెలిచిన కప్పు పట్టుకున్న ఫొటోను రోజూ రైల్లో ఆమెకు సీటు ఆపే స్నేహితురాలు హిమబిందు నెట్‌లో పెట్టింది, ఫొటోలు పెట్టుకుని స్నేహాలు కలుపుకునే సైటులో. ముచ్చటకే పెట్టింది. దాని కింద ఎవరో 'కప్పెత్తుకుపోయిన కాకి' అని రాశారు. దాని కింద ఇంకెవరో నవ్వారు. తర్వాత రంగు అయిపోయి కులం పేరు వచ్చింది. కులం అయిపోయాక రత్నమణి ఎవరి పొలాల్లో కూలికి పోతుందో, ఎందుకు పోతుందో రాశారు. ఎవరికీ మొహాల్లేవు. ఒకరికి నెమలి బొమ్మ, ఒకరికి సినిమా హీరో కళ్ళజోడు, ఒకరికి పసిపిల్ల నవ్వు.

ఆ మధ్యాహ్నమే అవ్వ సంగటి ముద్దలో చిటికెడు మన్ను పడింది. అవ్వ నమిలి, ఉమ్మి, "ఎవురో పాపను తిట్టినారు. ఎవురే?" అంది. ఎవరో చెప్పడానికి క్రిస్టినాకు తెలియలేదు. సాయంత్రానికి చాట నిండింది. దీపం పెట్టే వేళకు పోయడానికి గడప లేక రత్నమణి ఆ చాటను పట్టుకుని వాకిట్లో అట్లాగే నిలబడిపోయింది. తిట్టు మన్ను ఇంట్లో నిద్రచేయడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు.

కాలేజీలో చెబితే ప్రిన్సిపాలు చాలా తేలిగ్గా, ఆ సైటు చూడకపోతే సరిపోతుంది కదమ్మా అన్నాడు. క్రిస్టినా చూడటం మానేసింది. మన్ను మానలేదు. నెట్ సెంటర్లు మూసిన ఆదివారం కూడా, అందరూ చర్చిలో ఉండగా, ఖాళీ ఇంట్లో మంచం కోళ్ళు మునిగేదాకా పడింది. కళ్ళు మూసుకుంటే తిట్టు ఆగుతుందని చెప్పేవాళ్ళ ఇళ్ళలో ఎప్పుడూ మన్ను పడదేమోనని ఆమెకు అనుమానం వచ్చింది.

అవ్వకు అసలే ఆయాసం. చలికాలం ముదిరేసరికి ఆమె ఊపిరి తీస్తుంటే మట్టిరోడ్డు మీద బండి లాగినట్టు వినపడేది. డాక్టరు గొట్టం పెట్టి విని, దుమ్ముకు దూరంగా ఉంచమన్నాడు. ఎక్కడ ఉంచుతారు? బంధువుల ఇంటికి పంపిస్తే అక్కడ కూడా మన్ను ఆమె వెంటే పోయింది, మనవరాలి ఇంటి మనిషి కాబట్టి. ఈ మన్ను ఎవరిదో వాళ్ళ గడపకు చేరితే తప్ప అవ్వ బతకదని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

క్రిస్టినా పోలీసు స్టేషన్‌కు పోయింది. ఆ స్టేషన్‌లో శేషన్న అనే కానిస్టేబుల్ ఎప్పుడు చూసినా చీపురుతోనే కనిపిస్తాడు. పోలీసులను తిట్టని ఇల్లు ఉండదు కాబట్టి అక్కడ మన్నుకు కొదవలేదు. ఎస్సై ఫైళ్ళ మీది దుమ్ము ఊదుకుని ఆమెను కూర్చోమన్నాడు. చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు.

కులం పేరుతో తిడితే చట్టం ఉంది కదా అని ఆమె అడిగింది.

"ఉండాదమ్మా. నీ సర్టిఫికెట్లో కిరస్తానమని ఉండాది. ఆ కులం నీకు లేదంటాది చట్టం."

"తిట్టేవానికి నా కులం తెలిసింది. చట్టానికి తెలియలేదా సార్?"

ఎస్సై ముందున్న ఫైలు మూసేశాడు. ఢిల్లీలో కంప్యూటర్ తిట్లకు కొత్త చట్టమేదో పాసైందని పేపర్లో చదివానని, ఇంకా అమల్లోకి రాలేదని, ఏ చట్టం వచ్చినా కాగితం మీద ముందు ఉండవలసింది ఒక పేరని నెమ్మదిగా చెప్పాడు.

"కులం పేరు రాసినోడు నెమలి బొమ్మ పెట్టుకోనుండాడు. నెమలి మీద నేనేం కేసు రాయాల? పేరు తే పాపా. పేరుంటే రాస్తా."

ఇంటికొచ్చే దారంతా ఆమె పేరు కోసం వెతికింది. ఆ రోజు అవ్వ నీళ్ళు కూడా మింగలేకపోయింది. వెతికేవాడికి తొందరుంటే దగ్గరున్న పేరే దొరుకుతుంది. ఆమెకు అజయ్ దొరికాడు. ఓడిపోయినవాడు. పోటీనాడు వేదిక దిగేటప్పుడు ఆమె మొహం చూడనివాడు. ఇంట్లో కంప్యూటరున్నవాడు. వేదిక మీద ఎదుటివాడి వాదనలో ఎక్కడ రుజువు లేదో ఇట్టే పట్టే పిల్ల, తన దగ్గర రుజువుందా అని మాత్రం తనను తాను ప్రశ్నించుకోలేదు.

ఒక చాట మన్ను ఎత్తుకుని డోన్‌లో వీరభద్రయ్య బట్టలంగడికి పోయింది. చీరలు బేరమాడుతున్న ఆడవాళ్ళు తప్పుకుని దారిచ్చారు. గడప మీద మన్ను పోసి, "నీ మన్ను నీకే అన్నా" అంది.

అజయ్ మన్ను వైపు, ఆమె వైపు చూశాడు. "ఇది నాది కాదు" అన్నాడు. మాట తడబడింది. అతని మాట ఎప్పుడూ తడబడుతుందని ఆ క్షణంలో ఆమెకు గుర్తు రాలేదు. అంగట్లో ఉన్నవాళ్ళెవరికీ గుర్తు రాలేదు. అతను వంగి ఆ మన్ను ముట్టుకోలేదు.

ఇంకేముంది, పేరు ఎస్సైకి చేరింది. అజయ్‌ను పిలిపించి పొద్దుననుంచి పొద్దుగూకేదాకా బెంచీ మీద కూర్చోబెట్టి, ఏమీ తేలక పంపించేశాడు. ఊరు మాత్రం తేల్చేసింది. క్రిస్టినాకు అది కూడా చాలలేదు. నెట్ సెంటర్లో మూల కుర్చీలో కూర్చుని, గులాబీపువ్వు బొమ్మ వెనక దాక్కుని, పేరు లేకుండా అజయ్ గురించి రాసింది. నత్తి గురించి రాసింది. స్టేషన్లో ఏడ్చాడని రాసింది. అతను ఏడ్చాడో లేదో ఆమెకు తెలియదు. టైపు కొడుతుంటే చేతులకు హాయిగా ఉంది. ఇన్నాళ్ళూ తన ఇంటి మీద మన్ను పోసినవాళ్ళకు కూడా ఇంత హాయిగానే ఉండి ఉంటుందన్న ఆలోచన ఒకటి వచ్చింది. దాన్ని పక్కకు నెట్టింది. ఆమె కింద ఇంకో ఇరవై ముప్పై మంది రాశారు.

వారం తిరగకముందే ఇంటి ముందర ఆటో ఆగింది. అజయ్ తల్లి రాజ్యలక్ష్మమ్మ దిగింది. చేతిలో స్టీలు బేసిన్, దాని మీద కప్పిన తువ్వాలు. ఆమె ఆ వీధిలోకి ఎప్పుడూ వచ్చి ఎరగదు. ఈరక్క గోడ మీంచి చూసి, చూడనట్టు లోపలికి పోయింది.

రాజ్యలక్ష్మమ్మ తువ్వాలు తీసింది. ఎర్రమన్ను. మన్నులో బూడిదరంగు కంకర. తిట్టు ఎక్కడినుంచి పంపినా పడేది తిట్టినవాళ్ళ గడప మన్నే. చినకొట్టాలలో ఒక్క గడప ముందే కంకర ఉంది. వానలకు బురద కాకుండా బాలస్వామి పట్టాల పక్కన రాలిన రాళ్ళను గంపలతో తెచ్చి పరిచాడు.

"మా నడింట్లో శానా మన్ను పడింది పాపా. అన్ని రకాలదీ పడింది. ఇది మటుకు ఎవురిదో తెలిసింది. ఆ దినం నువ్వు అంగడికొచ్చినప్పుడు నీ చెప్పులోంచి ఇట్లాంటి రాయే ఒకటి రాలింది. నేనే తీసి పారేసినా."

ఆమె గడప మీద బేసిన్ వంచింది. "నీ మన్ను నీకే" అంది. గొంతులో కోపం లేదు. అదే క్రిస్టినాకు భరించరానిదైంది.

"అజయ్ ఎట్లుండాడు?"

"మాట్లాడడం లేదు. చిన్నప్పుడు నత్తికి వెక్కిరిస్తే పలక తీసుకుని రాసి చూపించేవాడు. ఇప్పుడు రాసేది కూడా లేదు. బద్వేలులో మా అన్న అంగడికి పంపిస్తాండాం. సదువు సాలు."

క్రిస్టినా నోట్లో ఎన్నో వాదనలున్నాయి. ముందు మొదలుపెట్టింది నేను కాదు, నా ఇంట్లో ముసలామె చచ్చిపోతోంది, నాకు పేరు కావలసి వచ్చింది. లోపలి నుంచి అవ్వ గొంతు, గాలి తక్కువ, మాట తక్కువ, "ఎత్తుకో పాపా" అంది.

ఆమె వంగి రెండు దోసిళ్ళా ఎత్తింది. కరివేపాకు చెట్టు మొదట్లో వేసింది. లేచి చూసేసరికి రాజ్యలక్ష్మమ్మ ఆటో ఎక్కింది.

ఆ సాయంత్రం అవ్వ మనవరాలిని మంచం పట్టెమీద కూర్చోబెట్టుకుంది. మన్ను దుప్పటి అంచుల మీద సన్నగా రాలుతూనే ఉంది.

"నేను పోతే పెరట్లో కుప్ప నా మీదనే పోయండి. ఊరికే ఏంటికి ఆడ?"

"తిట్టు మన్ను నీ మీద ఎట్ల పోస్తామవ్వా?"

"తిట్టేవాడూ పిడికెడే ఎత్తుతాడు, సాగనంపేవాడూ పిడికెడే ఎత్తుతాడు. పోసేచోటే గద తేడా. నా మీద పోస్తే వాళ్ళంతా నా సావుకొచ్చినట్టు. నా సావుకొచ్చినోళ్ళు నాకు సుట్టాలు." ఊపిరి కోసం ఆగి, చిన్నగా నవ్వింది. "ఇంత మంది సుట్టాలు ఈ ఊళ్ళో ఎవురికుండారే?"

రెండు రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగానే, అవ్వ ఊపిరిలో ఆ బండి లాగుడు ఆగిపోయింది.

పాస్టరు వచ్చి మన్నును మన్నుకు అప్పగించే ప్రార్థన చదివాడు. గుంత తవ్విన కంబన్న ఆ గుంత మన్నును పక్కకు నెట్టేశాడు. పెరటి కుప్పను ఎద్దులబండి మీద తెచ్చారు. పార పెట్టి దించుతుంటే రంగు మారుతూ వచ్చింది. ఆదోని వైపు నల్లరేగడి, నాపరాయి మిల్లుల తెల్లదుమ్ము, డోన్ ఎర్రమన్ను, ఇంకెక్కడిదో ఇసుక. జిల్లా అంతా వచ్చి ఆమె పెట్టె మీద పడుతున్నట్టు ఉంది. ఆఖరి తట్ట పడేసరికి ఆ ఇంట్లో మన్ను పడటం ఆగిపోయింది. మర్నాడు రత్నమణి అలవాటు కొద్దీ చీపురు పట్టుకుని లేచి, ఊడ్చేదేమీ లేక, నడింట్లో కూర్చుని అప్పుడు ఏడ్చింది.

ఆ ఊరి చర్చిలో ఇంకో ఆచారం ఉంది. సమాధిలో మన్ను వేసినవాళ్ళు సమాధుల తోట వాకిట్లో పెట్టిన కుండనీళ్ళతో చేతులు కడుక్కుని కానీ ఇంటికి పోకూడదు. కడుక్కోకపోతే అన్నం గొంతు దిగదు.

మూడోనాడు కోసిగి వైపు నుంచి వచ్చిన రైలు దిగి ఒక పిల్లవాడు నడుచుకుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. వాకిట్లో ఉన్న క్రిస్టినాను చూశాడు కానీ గుర్తుపట్టలేదు.

"ఈడ ఎవురన్నా సచ్చిపోయినారా అక్కా? అన్నం మన్ను మాదిరి ఉండాది నాకు. కాళ్ళు ఇట్లనే వచ్చినాయి."

ఆమె సమాధి దగ్గరికి తీసుకుపోయింది. అతను నల్లరేగడి ఉన్నచోట నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. కుండనీళ్ళతో చేతులు కడుక్కుని, ఆమె అడగకుండానే, తన పేరు తేజేశ్వర్ అని, నాయన పేరు ఫలానా అని చెప్పాడు. నెమలి బొమ్మ తనదేనన్నాడు.

"నన్ను ఎప్పుడన్నా చూసినావా?"

"లేదక్కా."

"మరి ఏంటికి రాసినావు?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "అందరూ రాస్తాన్యారు" అన్నాడు.

తర్వాత ఆదోని నుంచి ఇద్దరు, బేతంచెర్ల నుంచి ఒకడు, పెళ్ళయి బిడ్డను ఎత్తుకున్న ఒకామె. పసిపిల్ల నవ్వు బొమ్మ ఆమెది. రత్నమణి వచ్చినవాళ్ళకు వచ్చినట్టు చెంబుతో నీళ్ళిచ్చింది. చావుకొచ్చినవాళ్ళను ఏమని కసురుకుంటుంది? ఊరు కూడా వాళ్ళను చావు చుట్టాలుగానే చూసింది. ఈరక్క ఒక పూట సంగటి కూడా వండి పెట్టింది.

ఒక పొద్దున ప్యాసింజరు దిగి హిమబిందు వచ్చింది. చేతిలో పుస్తకాల సంచి లేదు. క్రిస్టినా మొహం చూడకుండా నేరుగా సమాధి దగ్గరికి పోయి, డోన్ ఎర్రమన్ను దగ్గర నిలబడింది. ఫొటో పెట్టిన చేయి, దాని కింద మొదటి మాట రాసిన చేయి ఒకటే. రోజూ రైల్లో తన కోసం ఆపిన సీటు మీద పరిచే ఆ చున్నీనే చూస్తూ క్రిస్టినా నిలబడింది. హిమబిందు చేతులు కడుక్కుంటూ, కడుక్కుంటూ, కుండ ఖాళీ అయ్యేదాకా కడుక్కుంది.

స్టేషన్‌కు వస్తారా అని క్రిస్టినా వాళ్ళను అడిగింది. కొందరు అటునుంచి అటే రైలెక్కారు. కొందరు నిలబడ్డారు. హిమబిందు నిలబడింది. పోయేముందు క్రిస్టినా తన గడప ముందర వంగి, కంకరతో సహా పిడికెడు మన్ను రుమాల్లో కట్టుకుంది.

ఎస్సై ఆమెను చూసి కుర్చీ చూపించాడు. "పేరు దొరికిందా?"

"పేర్లు బయట నిలబడి ఉండాయి సార్. వాళ్ళే చెబుతారు. ముందు ఒక పేరు కొట్టేయండి. అజయ్‌ది. ఆయన ఏమీ రాయలేదు. ఆయన మీద రాసింది నేను." రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. "ఇది నా గడపది. ముందు నా మీద రాయండి."

ఎస్సై కంకరరాయి ఒకటి తీసుకుని వేళ్ళ మధ్య తిప్పాడు. "కొత్త చట్టం అమల్లోకొచ్చినా రాకపోయినా, కేసంటే కేసే పాపా. రేపు లా సీటుకు అడ్డం పడతాది. ఉద్యోగానికి అడ్డం పడతాది."

"మాట గాలి అని చెప్పి కప్పు తెచ్చుకున్నా సార్. ఆ గాలికి మా అవ్వ పోయింది. రాయండి."

అతను శేషన్నను పిలిచి, వీరభద్రయ్య అంగడికి ఫోన్ చేయమన్నాడు. బద్వేలు బస్సు సాయంత్రమే, ఆ పిల్లోడు ఎక్కకముందే చెప్పు, పేరు కొట్టేసినామని చెప్పు అన్నాడు. శేషన్న ఫోన్ చేసి వచ్చి, చీపురు పట్టుకుని గదంతా చూశాడు. ఆ పొద్దు ఊడ్చడానికేమీ కనపడలేదు. చీపురును గోడకానించాడు.

ఎస్సై తెల్లకాగితం తీసి, పెన్ను మూత విప్పాడు.

"పేరు?"

క్రిస్టినా తన పేరు, నాయన పేరు, ఊరి పేరు చెప్పింది. మైకు లేకుండానే ఆ మాటలు గడప దాటి పోయాయి. బయట చెప్పులు విడిచిన చప్పుడైంది. ఒకరి వెనక ఒకరు లోపలికి రావడం మొదలుపెట్టారు.